జీపు టైరు – నేల యెడము

వానలు ముమ్మరించిన తరువాత మన్యపు మట్టిదారిని చూచినచో, బండ్లు నడచిన రెండు జాడలు కాలువలవలె లోతుపడి, వాని నడుమ ఒక గట్టు నిలిచియుండును. రోగిని ఆస్పత్రికి చేర్చవలసిన జీపు ఆ దారిని వచ్చినదనుకొందము. నాలుగు చక్రములకును ఇంజను బలము అందుచునే యున్నది. అయినను నడిమి గట్టు జీపు అడుగుభాగమునకు తగిలి దాని బరువును తాను మోసినచో, చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరుగును, బండి కదలదు. ఇచట లోపించినది బలము కాదు, ఎత్తు.

బండి అడుగున అన్నిటికంటె క్రిందుగా నున్న భాగమునకును నేలకును గల దూరమును గ్రౌండ్ క్లియరెన్స్ అందురు. తెలుగున దీనిని ‘నేల యెడము’ అనవచ్చును. పెద్ద టైర్లు తొడిగినచో ఈ యెడము పెరుగునని అందరును ఎరుగుదురు. కాని ఎంత పెరుగును? అందుకు చెల్లింపవలసిన మూల్యమేమి? హైస్కూలు గణితముతోనే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవచ్చును.

టైరు ప్రక్కనున్న అంకెలు

ఒక టైరుపై 215/75 ఆర్ 15 అని యున్నదనుకొందము. 215 అనగా టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా టైరు ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులని అర్థము. ‘ఆర్’ అను అక్షరము రేడియల్ అను నిర్మాణమును తెలుపును. 15 అనగా టైరు కూర్చుండు ఇనుపచక్రపు వ్యాసము, అంగుళములలో.

ప్రక్కగోడ ఎత్తు 215లో నూటికి 75 వంతులు, అనగా 161.25 మి.మీ. చక్రమునకు పైన ఒకటి, క్రింద ఒకటి గనుక రెండు గోడలు కలిపి 322.5 మి.మీ. 15 అంగుళములు 381 మి.మీ. కావున మొత్తము వ్యాసము 703.5 మి.మీ. ఇదే రీతిని 235/75 ఆర్ 15 టైరుకు లెక్కించినచో 733.5 మి.మీ. వచ్చును. వ్యాసము 30 మి.మీ. పెరిగినది.

నేల యెడము మాత్రము 30 మి.మీ. పెరుగదు. ఇరుసు చక్రము నడిమిన నుండును గదా! దాని ఎత్తును నిర్ణయించునది వ్యాసము కాదు, వ్యాసార్ధము. కావున లాభము 15 మి.మీ. మాత్రమే. 2020లో విడుదలైన మహీంద్రా థార్ బండి దీనికి చక్కని నిదర్శనము. అది 245/75 ఆర్ 16, 255/65 ఆర్ 18 అను రెండు కొలతల టైర్లతో వచ్చినది. వాని వ్యాసములకు భేదము సుమారు 15 మి.మీ. తయారీదారు ప్రకటించిన నేల యెడములు 219, 226 మి.మీ.; భేదము 7 మి.మీ.

స్ప్రింగులు ఎత్తైనవి వేసిన చాలదా యని కొందరు అడుగుదురు. స్ప్రింగులు బండి శరీరమును ఎత్తునే గాని ఇరుసును ఎత్తవు. రెండు చక్రములను కలుపు ఏకఖండపు ఇరుసు గల బండిలో, ఇరుసు నడుమనుండు డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల పెట్టెయే సాధారణముగ అన్నిటికంటె క్రిందుగా నుండును. దానిని పైకెత్తగలది టైరు ఒక్కటే.

లాభమునకు వెల

ఇంజను చక్రమును త్రిప్పు శక్తి ఒకటే యైనను, వ్యాసార్ధము పెరిగినకొలది నేలను నెట్టు బలము తగ్గును. పై ఉదాహరణములో వ్యాసార్ధము నూటికి నాలుగు వంతులకు పైగా పెరిగినది. నెట్టు బలము దాదాపు అంతే తగ్గును. నిటారైన ఎత్తును ఎక్కునపుడు ఈ లోటు తెలియును. బ్రేకుల విషయమున మరింత జాగ్రత్త అవసరము. అదే ఒత్తిడితో త్రొక్కినను చక్రమును ఆపు బలము నేలవద్ద ఆ మేరకు తగ్గును.

వేగమును చూపు ముల్లును మోసపోవును. అది లెక్కించునది చక్రపు చుట్లను. పాత టైర్లతో సరిగా చూపుచుండిన ముల్లు, పెద్ద టైర్లతో గంటకు 60 కిలోమీటర్లు చూపునపుడు బండి నిజముగా 62.5 కిలోమీటర్లకు పైగా పోవుచుండును. బండి గురుత్వకేంద్రము కూడ పైకి జరుగును. ప్రక్కవాలు దారిలో బోల్తాపడు భయము ఆ మేరకు హెచ్చును. వెడల్పైన టైరు, చక్రము పూర్తిగా త్రిప్పినపుడు మడ్గార్డును ఒరయవచ్చును.

నాలుగును ఒకే కొలతవి కావలెను. నాలుగు చక్రముల నడకలో ముందు వెనుక ఇరుసులను గట్టిగా ముడివేయు జీపులలో చిన్న పెద్ద టైర్లున్నచో, ఒక ఇరుసు వేరొకదానికంటె ఎక్కువ చుట్లు తిరుగజూచి, పళ్లచక్రములను నలిపివేయును. అదనపు చక్రము సైతము అదే కొలతది కావలెను.

ఎంత కావలెనో అంతే

ఇసుకలో చక్రము దిగబడకుండుటకు టైరులో గాలి తగ్గింతురు. చక్రముపై 400 కిలోల బరువున్నచో, చదరపు సెంటీమీటరుకు 2 కిలోల పీడనమున టైరు సుమారు 200 చదరపు సెంటీమీటర్ల నేలను ఆనును. 1 కిలో పీడనమున సుమారు 400. పట్టు పెరుగును గాని టైరు అణగి నేల యెడము తగ్గును. గట్టినేల చేరగానే మరల గాలి నింపవలెను.

కావున మిక్కిలి పెద్ద టైరు మిక్కిలి మంచి టైరు కాదు. దారిలోని గట్టు, రాయి ఎంత ఎత్తో ముందు కొలువవలెను. దానిని దాటింపగల కొలతలలో, తయారీదారు అనుమతించినవానిలో, చిన్నదానిని ఎన్నుకొనవలెను. విద్యార్థులు ఊరిలోని ఒక జీపు టైరుపై అంకెలు చదివి వ్యాసమును లెక్కింపవచ్చును. పిదప టైరుపై సుద్దతో గుర్తుపెట్టి, బండిని ఒక చుట్టు నడిపించి, నేలపై దూరమును కొలువవలెను. ఆ దూరము లెక్కకు వచ్చిన చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా నుండును. బరువునకు టైరు అణగుటయే ఇందుకు కారణము.