పాత ట్యాబ్‌కు ఎంత మెమరీ పెంచొచ్చు?

కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో ఏ మొబైల్ అంగడికెళ్లినా పాత ట్యాబ్‌కు ఒకటే మాట వినబడుతుంది: ‘మెమరీ పెంచి ఇయ్యప్పా’. ఏ మెమరీ? డబ్బు తీసే ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

2011 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ‘ఆకాశ్’ ట్యాబ్‌నే తీసుకోండి. అందులో ర్యామ్ 256 ఎంబీ, స్టోరేజ్ 2 జీబీ. ర్యామ్ అంటే పని జరిగే బల్ల, స్టోరేజ్ అంటే సామాన్లు దాచే బీరువా. బీరువా పక్కన ఇంకోటి పెట్టొచ్చు, బల్లను మాత్రం పెంచలేం. ట్యాబ్‌లలో ర్యామ్ చిప్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. దాన్ని ఊడదీసి మార్చే ఖర్చుతో ఇంకో పాత ట్యాబే వస్తుంది. ఆ ఆశ వదులుకోండి.

మిగిలింది మైక్రో ఎస్డీ కార్డు. ఆకాశ్‌లో 32 జీబీ వరకు పడుతుంది, అంటే లోపలున్న దానికి 16 రెట్లు. 32 దగ్గరే ఎందుకాగింది? 2006లో వచ్చిన ఎస్డీహెచ్‌సీ ప్రమాణానికి హద్దు అదే. 2009 నాటి ఎస్డీఎక్స్‌సీ 2 టీబీ దాకా పోతుంది గానీ, పాత ట్యాబ్‌లు చాలావాటికి ఆ భాష రాదు.

కార్డు పెట్టాక 32కు బదులు 29.8 కనబడితే అంగడివాడితో జగడానికి దిగకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, ట్యాబ్ 1,024తో. 512 జీబీ కార్డు కారుచౌకగా ఇస్తానంటే మాత్రం అనుమానించాల్సిందే.

‘క్లాస్ 10’ కార్డు సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుంది. ఆ లెక్కన 30 జీబీ నింపడానికి 50 నిమిషాలు. యాప్‌లు కూడా కార్డులోనే నడపాలంటే ‘ఏ1’ గుర్తున్నది కొనండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో మొదలుపెట్టి కొన్ని ట్యాబ్‌లు కార్డును సొంత స్టోరేజ్‌లో కలిపేసుకుంటాయి. అప్పుడు కార్డులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

కార్డు తిప్పి చూస్తే 8 పసుపు గీతలు. బంగారు పూత! తుప్పు పట్టదు కాబట్టే ఆ ఖర్చు. మూడు కిలోమీటర్ల లోతు నుంచి బంగారం తీసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూసుకున్న ఊరికి ఈ సంగతి కొత్తగా చెప్పాలా? రబ్బరుతో రుద్దితే ఆ పూత లేస్తుంది, పొడిబట్టతో తుడిస్తే చాలు.

ట్యాబ్ నత్తనడకే మీ బాధైతే కార్డు కొనకండి, దానివల్ల వేగం పెరగదు. ఫొటోలకు, పాఠాల వీడియోలకు చోటు చాలకపోతేనే కొనండి.