సీటు వచ్చింది... గ్రౌండ్ రావాలి!

మానుకోట (మహబూబాబాద్) జిల్లా నెల్లికుదురు నుంచి పర్వతగిరి మండలం ఎంతో దూరం లేదు. ఆ మండలంలో కల్లెడ అనే ఊరుంది. ఆ ఒక్క ఊరే పదహారేళ్ల తేడాతో ఇద్దరు ఆడపిల్లలను ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటల వేదికకు పంపింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున విల్లు పట్టిన వర్ధినేని ప్రణీతది ఈ ఊరే. డోలా బెనర్జీ, బొంబాయిలా దేవిలతో కలిసి మహిళల జట్టులో బాణాలు వేసేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జీవాంజి దీప్తిదీ ఈ ఊరే.

దీప్తి పరుగెత్తేది 400 మీటర్లు, మేధోవైకల్యం ఉన్నవారికి కేటాయించిన టీ20 విభాగంలో. 2024 మేలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా ఛాంపియన్‌షిప్‌లో 55.07 సెకన్లలో గీత దాటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పారిస్ ఫైనల్లో 55.82 సెకన్లకు మూడో స్థానం. కూలి పనులు చేసుకునే తల్లిదండ్రులు కష్టకాలంలో ఉన్న కాస్త భూమినీ అమ్ముకున్నారు. పరుగుతో వచ్చిన డబ్బుతోనే కూతురు ఆ భూమిని తిరిగి కొనిచ్చింది. చిన్నప్పుడు తనను వెక్కిరించిన ఊరు ఇప్పుడు ఆమె పేరుతోనే తన చిరునామా చెప్పుకుంటోంది.

ఇద్దరినీ కలిపే అంశం ఇంకొకటి ఉంది. ఇద్దరూ చదివింది కల్లెడలో రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ నడిపే బడిలోనే. అక్కడ ఆడపిల్ల చేతికి విల్లు అందింది. ఆడపిల్ల పరుగును గుర్తించే వ్యాయామ ఉపాధ్యాయుడున్నాడు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ దీప్తిని హైదరాబాద్ తీసుకెళ్లి సానపట్టారు. బడి, ఉపాధ్యాయుడు, కోచ్... ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా పారిస్ లేదు. అలాంటి బడి లేని ఊళ్లే ఎక్కువ. ఉన్నచోట కూడా పదో తరగతితో ఆ గొలుసు తెగిపోతే, కాలేజీ దాన్ని తిరిగి అతుకుతుందా?

చాలాచోట్ల అతకడం లేదు. నెల్లికుదురు చుట్టుపక్కల ఊళ్లు, తండాల నుంచి డిగ్రీకి వెళ్లాలంటే మహబూబాబాద్, తొర్రూరు, హనుమకొండ దారి పట్టాలి. సాయంత్రం నాలుగు దాటాక కాలేజీ గ్రౌండ్‌లో వికెట్లు పాతేది అబ్బాయిలే. వాలీబాల్ నెట్ కట్టేదీ వాళ్లే. ఆ వేళకు అమ్మాయిలు బస్టాండులో ఉంటారు. ఆ బస్సు తప్పితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. బట్టలు మార్చుకునే గది లేదు, బాత్‌రూమ్‌లో నీళ్లు రావు. ఇంటర్ యూనివర్సిటీ సెలెక్షన్స్ అన్నప్పుడు మాత్రం పీడీ సార్ బడిలో ఖోఖో ఆడిన పిల్ల ఎవరో వెతికి, నలుగురిని పోగుచేసి పంపుతారు. ఏడాదంతా సాధన చేసిన జట్టుకు, ముందురోజు పోగైన జట్టుకు ఉన్న తేడా మొదటి మ్యాచ్‌లోనే తేలిపోతుంది.

చట్టం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 15(3) అధికరణం ప్రభుత్వాలకిచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ వంటి కోర్సుల సీట్లలో మూడో వంతు అమ్మాయిలకే. క్రీడాకారులకు అర శాతం కోటా కూడా ఉంది. 2021-22 జాతీయ సర్వే నాటికి దేశంలో ఉన్నత విద్య చదువుతున్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది ఆడవాళ్లే. అంటే గేటు దాటి లోపలికి వచ్చేవాళ్లలో దాదాపు సగం. లోపలికి వచ్చాక కాలేజీ వాళ్లను ఆడించి తీరాలని, ఆడించకపోతే నిధులు ఆగుతాయని చెప్పే నిబంధన మాత్రం మన దగ్గర లేదు.

అమెరికాలో ఉంది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన విద్యా చట్టంలోని తొమ్మిదో అధ్యాయం, అందరూ టైటిల్ నైన్ అని పిలిచే ఆ నిబంధన, కేవలం 37 ఇంగ్లిష్ మాటలు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ, పురుష భేదం చూపకూడదన్నది దాని సారం. అందులో ఆటల ఊసే లేదు. కానీ ఆటలూ విద్యలో భాగమేనని తేలాక అమెరికా కాలేజీల రూపమే మారిపోయింది. చట్టం రాకముందు కాలేజీ జట్లలో ఆడే అమ్మాయిలు సుమారు 30 వేల మంది. ఇప్పుడు రెండు లక్షల పైచిలుకు.

ఇదెలా పనిచేసిందో చూడాలంటే టెన్నిస్ చాలు. అమెరికన్ ఫుట్‌బాల్ అబ్బాయిల ఆట. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఆ ఒక్క జట్టుకే 85 స్కాలర్‌షిప్పులు ఇచ్చేవారు. ఆ బరువుకు సరితూగేలా మిగతా ఆటల్లో అమ్మాయిలకు ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది. అలా 2025 దాకా కాలేజీ క్రీడల పై అంచె అయిన డివిజన్ వన్‌లో మహిళల టెన్నిస్ జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్పులుంటే, పురుషుల జట్టంతటికీ కలిపి నాలుగున్నర. ఆ తలుపు అమెరికా ఆడపిల్లలకు మాత్రమే తెరుచుకోలేదు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ జట్టులో కాలేజీ టెన్నిస్ ఆడింది. ఆపైన ప్రొఫెషనల్‌గా ఎదిగి, దేశాల మహిళా జట్ల పోటీ అయిన బిల్లీ జీన్ కింగ్ కప్‌లో భారత్‌కు ఆడింది. డిగ్రీ, కోచింగ్, మ్యాచ్‌లు అన్నీ ఒక్కచోటే దొరికే ఏర్పాటు మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమందికి ఉంది?

ఆ చట్టం ఎవరికీ నొప్పి కలిగించలేదని చెబితే అది అబద్ధమే. 1990ల్లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) పురుషుల స్విమ్మింగ్ జట్టును ఎత్తేసింది. ఒలింపిక్ పతక విజేతలను తయారుచేసిన జట్టది. చాలా కాలేజీల్లో పురుషుల రెజ్లింగ్ మూతపడింది. నింద అమ్మాయిల మీద పడింది. నిజానికి డబ్బులో సింహభాగం మింగుతున్నది ఫుట్‌బాల్. దాని జోలికి వెళ్లే ధైర్యం లేక చిన్న జట్లను కోసేశారు. ఇంకో దెబ్బ కనిపించకుండా తగిలింది. చట్టం వచ్చినప్పుడు మహిళల జట్లకు కోచ్‌లలో పదిమందిలో తొమ్మిదిమంది మహిళలే. ఆ ఉద్యోగాల్లో జీతాలు పెరిగాక మగవాళ్లు వచ్చి చేరారు. మహిళా కోచ్‌ల వాటా సగం కంటే తక్కువకు పడిపోయింది. మనం నిబంధన రాసుకునేటప్పుడు కోచ్‌ల సంగతి కూడా అందులోనే ఉండాలి.

బ్రౌన్ విశ్వవిద్యాలయం కేసు ఇంకో పాఠం. 1991లో ఖర్చు తగ్గించుకునే పేరుతో అక్కడ రెండు పురుషుల జట్లకు, రెండు మహిళల జట్లకు నిధులు ఆపారు. పైకి చూస్తే సమానమే. కానీ విద్యార్థుల్లో దాదాపు సగం అమ్మాయిలైనా, క్రీడాకారుల్లో 40 శాతం కూడా లేరు. జిమ్నాస్ట్ ఏమీ కోహెన్, తోటి క్రీడాకారిణులు కోర్టుకెక్కి గెలిచారు. అమ్మాయిలకు ఆటల మీద అంత ఆసక్తి ఉండదన్న విశ్వవిద్యాలయం వాదనను న్యాయస్థానం ఒప్పుకోలేదు. అవకాశం పెరిగితే ఆసక్తీ పెరుగుతుందన్నది తీర్పు సారాంశం. మన కాలేజీల్లోనూ వినిపించే సాకు ఇదే: ‘అమ్మాయిలు రారండీ!’

రారా? తెలంగాణ గురుకులాలను చూడండి. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన అగసర నందిని టీ అమ్ముకునే తండ్రి కూతురు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఆడపిల్లల గురుకులంలో గ్రౌండ్ మొత్తం వాళ్లదే. ఎవరినీ జరగమని అడిగే పని లేదు. ఉండేది అక్కడే కాబట్టి బస్సు టైమన్న బెంగ లేదు. అబ్బాయిలతో కలిసి చదివే కాలేజీలో కూడా అంత స్వేచ్ఛ దొరకాలంటే దాన్ని నిబంధనగా రాయాల్సిందే. ఒకరి మంచితనం మీద ఆధారపడితే ఆ మనిషి బదిలీతోనే అది పోతుంది.

పతకం వచ్చాక మన ప్రభుత్వాలు చేతికి ఎముక లేనట్టే ఇస్తాయి. దీప్తికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఆమె కష్టానికి అది తగిన గౌరవమే. అయితే ఇలాంటి ఒక్క బహుమతి సొమ్ముతో పతకానికి ముందు ఎన్ని కాలేజీల్లో అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గదులు కట్టవచ్చో కూడా ఎవరో లెక్కేయాలి.

2023లో మహిళా రెజ్లర్లు లైంగిక వేధింపులకు నిరసనగా ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నాక దేశం కొంత కదిలింది. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు మహిళలు ఉండాలంది. మంచి అడుగే. కానీ అది సమాఖ్యల చట్టం. తొర్రూరులోనో మానుకోటలోనో డిగ్రీ చదివే అమ్మాయి దాకా దాని చెయ్యి చేరదు.

అమెరికా 1994లో ఇంకో చట్టం చేసింది. ప్రతి కాలేజీ ఏ జట్టులో ఎందరు అబ్బాయిలు, ఎందరు అమ్మాయిలు ఆడారో, ఎవరి మీద ఎంత ఖర్చు పెట్టిందో ఏటా బయటపెట్టాలి. మనం మొదట తెచ్చుకోవాల్సింది ఇదే. దీనికి స్టేడియాలు కట్టక్కర్లేదు, పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. కాకతీయ విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలలకు ఒక సర్క్యులర్ పంపితే చాలు. ఈ ఏడాది ఎన్ని ఆటల్లో అమ్మాయిల జట్టు కట్టారు? వారానికి ఎన్ని గంటలు గ్రౌండ్ వాళ్లకు కేటాయించారు? క్రీడా ఫీజులో వాళ్ల మీద పెట్టింది ఎంత? సాధన చేయించింది ఎవరు? సాధన అయ్యాక ఇంటికి చేరడానికి ఏ ఏర్పాటు ఉంది? జవాబులు నోటీసు బోర్డు మీద అంటించాలి. వచ్చే అడ్మిషన్లలో కూతురిని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు ఫీజుల పట్టికతో పాటు ఆ కాగితం కూడా చదువుకుంటారు.