సూర్యలంక కుటీరాలకు ఇసుక తిన్నెలే రక్ష

బాపట్ల పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న సూర్యలంక మత్స్యకారుల ఊరు. పర్యాటకాభివృద్ధి సంస్థ ఇక్కడ కుటీరాలు నిర్మించిన తరువాత సెలవు దినాలలో సందర్శకుల రాక పెరిగినది. కార్తీక పౌర్ణమినాడు సముద్ర స్నానాలకు వచ్చే భక్తులతో తీరం కిటకిటలాడుతుంది.

తీరంలో నిర్మాణాలకు హద్దులు ఉన్నాయి. గ్రామీణ ప్రాంతాలలో పోటు రేఖ నుండి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలను కేంద్ర ప్రభుత్వం 1991లోనే నియంత్రించినది. 2019 నాటి ప్రకటన, జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161కి మించిన గ్రామీణ ప్రాంతాలలో ఈ హద్దును 50 మీటర్లకు తగ్గించే వీలు కల్పించి, మిగిలిన చోట్ల 200 మీటర్లుగానే ఉంచినది.

ఈ నిబంధన వెనుక బలమైన కారణాలున్నాయి. ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు అలల ఉధృతిని, గాలి వేగాన్ని తగ్గిస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటినది. సముద్రం బాగా కనిపించాలని తిన్నెలను చదును చేస్తే కుటీరానికి, దాని వెనుకనున్న ఊరికి కూడా అడ్డు తొలగిపోతుంది.

రెండవది మంచినీరు. తీరపు ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. శాస్త్ర సూత్రం ప్రకారం సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీరు నిలిస్తే, దిగువన సుమారు 40 మీటర్ల మేర మంచినీరు ఉంటుంది. పై మట్టం కొద్దిగా తగ్గినా అడుగున ఉప్పునీరు అనేక రెట్లు పైకి వస్తుంది. విడిది గృహాల బోర్లు మితిమీరి తోడితే, అతిథులు మరునాడు వెళ్ళిపోయినా ఉప్పునీరు మిగిలేది గ్రామస్థులకే.

కావున వాననీటిని ఇంకించడం, తిన్నెలను కాపాడడం తీర పర్యాటకాభివృద్ధిలో అంతర్భాగం కావలసి ఉన్నది.