అద్దమును పట్టిన దారము

లంబాడీ స్త్రీలు ధరించు పేటియను, కాంచళిని చూచినవారు మొదట అందలి అద్దముల తళుకునే గుర్తింతురు. ఆ గుడ్డపై చేయివేసి నిమిరినచో మఱియొక విశేషము తెలియును. దారము గుడ్డను అంటి పడియుండదు. ఒకచోట గట్టువలె లేచి, ఒకచోట ధాన్యపుగింజవలె గుండ్రమై వ్రేళ్ళకు తగులును. పూర్వము లంబాడీలు ఎద్దులపై ఉప్పును, ధాన్యమును వేసికొని దేశములు తిరిగినవారు. వారి బట్టలకు అందము ఎంత కావలెనో మన్నికయు అంత కావలసియుండెను.

అద్దమునకు బెజ్జము లేదు. జిగురుతో అంటించినచో ఉతుకులకు ఊడిపోవచ్చును. కావున దారముతోనే దానికి పంజరము కట్టవలెను. అద్దమును గుడ్డపై బొటనవ్రేలితో అదిమిపట్టి, దానిమీదుగా రెండు పోగులను సమాంతరముగా లాగుదురు. వానికి అడ్డముగా మఱిరెండు పోగులను, మొదటివానిని ఒక్కొక్కచోట చుట్టుచు, బిగింతురు. అద్దముపై చిన్న చతురస్ర మేర్పడును. పిమ్మట సూదిని ఆ పోగుల క్రిందుగా దూర్చి, అద్దపు అంచు ప్రక్కన గుడ్డలో గ్రుచ్చి, కాజాకుట్టువలె మెలివేయుచు చుట్టును తిరుగుదురు. కుట్టు సాగినకొలది చతురస్రపు భుజములు అంచువైపునకు లాగబడి వలయమగును. దాని చుట్టు దారపుగట్టు లేచును. మొదటి పోగులు వదులైనను, అంచునకు మిక్కిలి చేరువగా పడినను అద్దము జారిపోవును. పని అంతయు ఆ నాలుగు పోగులలోనే యున్నది.

ఎత్తుగా నిలుచు కుట్లు ఇంకను పెక్కు గలవు. ఒక బాలిక చేతిసంచిపై పువ్వును కుట్టదలచెననుకొందము. పుప్పొడికి ముడికుట్టు తగును: పైకి తీసిన దారమును సూదికి రెండుమార్లు చుట్టి, ఎడమచేతితో బిగువుగా పట్టి, సూదిని మరల దించవలెను. వచ్చిన రంధ్రముననే దించినచో ముడి అడుగునకు జారిపోవును. ఒక నూలుపోగంత ఎడము ఉండవలెను. పువ్వునకు ఆకులవలె ఐదు కాడలు వేసి, వాని పైనను క్రిందను మార్చి మార్చి దారమును నడిపిన గులాబీ వచ్చును. కాడలు ఐదో, ఏడో కావలెను గాని ఆరు కారాదు. సరిసంఖ్య యైనచో ప్రతి చుట్టునను దారము అవే కాడలపై నడచును, నేత పడదు. బుట్ట అల్లువారికిది తెలిసిన సంగతియే. ఈ ప్రయత్నము లన్నియు ముందు పాతగుడ్డపై చేసి చూచుట మేలు. ఊడదీసిన కుట్టు మంచి గుడ్డపై మచ్చ విడుచును.

మామూలు కుట్టుమిషను పై దారమును, క్రింది దారమును గుడ్డ మందములో పెనవేయును. సూదికి దారము చుట్టి ముడి దించుట దానికి చేతకాదు. ముడివంటి రూపమును కుట్టవచ్చునేమో గాని అది ముడి కాదు.

చవుకగా దొరకు చీరలు వచ్చినకొలది పెక్కు తండాలలో యువతులు పేటియను విడిచిరి, సూదిపనియు వెనుకబడెను. తమిళనాడున ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో ఒక దశలో ఈ పని తెలిసినవారు ఇద్దరు వృద్ధురాండ్రు మాత్రమే మిగిలిరి. వారివద్దనే పడుచులు మరల సూదిపట్ట నేర్చిరి. కర్ణాటకమందలి సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చటి సంచులపై నేటికిని అద్దములు, గవ్వలు చేతితోనే కుట్టబడుచున్నవి.