మాక్లూర్ చాట – మలావీ పొగాకు చేను

మాక్లూర్ మండలంలో ఏ ఊరికి పోయినా పగటిపూట మగవాళ్ళు కనిపించేది తక్కువ. కొందరు పొలాల్లో, కొందరు నిజామాబాద్‌లో కూలికి, మరికొందరు దుబాయి, మస్కట్‌లలో. అరుగుల మీద మిగిలేది ఆడవాళ్ళే. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, దారపు ఉండ. మాట్లాడుతూనే ఉంటారు, వేళ్ళు మాత్రం ఆగవు. ఆకు కత్తిరించాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. దినమంతా కూర్చుంటే వెయ్యి, పిల్లలూ వంటా చూసుకుంటే ఆరేడు వందలు.

ఇక్కడికి ఎన్నో వేల మైళ్ళ దూరంలో, ఆఫ్రికా ఖండం తూర్పు దిక్కున మలావీ అనే చిన్న దేశం ఉంది. ఆ దేశానికి విదేశీ డబ్బు తెచ్చే పంటల్లో మొదటిది పొగాకు. అక్కడి ఎస్టేట్లలో ఏళ్ళ తరబడి ఒక పద్ధతి సాగింది. భూమి లేని కుటుంబం ఎస్టేటుకు వస్తుంది. విత్తనం, ఎరువు, తినడానికి మక్కపిండి అన్నీ దొరే అప్పుకింద ఇస్తాడు. ఆకు మాత్రం అతనికే అమ్మాలి. ధర అతను చెప్పిందే. పంట చివర అప్పు కోసుకుని మిగిలింది చేతిలో పెడతాడు. ఏమీ మిగలని ఏడూ ఉంటుంది.

ఈ పద్ధతి మన బీడీ అక్కలకు వివరించి చెప్పనక్కరలేదు. ఆకు, తంబాకు కార్ఖానావాళ్ళు తూకం వేసి ఇస్తారు. ఆకు చిరుగులు పడి తక్కువైతే బజారులో కొనుక్కుని లెక్క పూర్తిచేయాలి. తిరిగి అప్పజెప్పేటప్పుడు బాగాలేవని కొన్ని కట్టలు పక్కకు తీస్తే వాటి కూలి పోయినట్టే. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇటువంటి తగాదాలను అధికారి ముందు పెట్టుకునే వీలు కల్పించింది. ఆ చట్టం 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది.

మలావీలో దీని వేర్లు తెల్లదొరల కాలం నాటివి. ఎస్టేటు భూమిలో గుడిసె వేసుకున్నందుకు దొరకు ఉచితంగా చాకిరీ చేయాలి. దాన్ని తంగాత అనేవారు. ఆ మాటకు అసలు అర్థం ‘సాయం’ అట! మన తాతలు వెట్టి అన్నదాన్ని వాళ్ళు సాయం అనవలసి వచ్చింది. 1915 జనవరిలో జాన్ చిలెంబ్వే అనే పాదిరి నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. ప్రభుత్వం అణచివేసింది, ఆయనను కాల్చి చంపింది. 1964లో స్వాతంత్ర్యం వచ్చింది కాని, బర్లీ రకం పొగాకు వేసే హక్కు 1990 దాకా ఎస్టేట్లకే ఉండేది, చిన్నరైతుకు లేదు. కౌలు చాకిరీని చట్టం ద్వారా రద్దుచేసింది 2021లో.

ఇక ఆరోగ్యం. పచ్చి పొగాకు ఆకు తడిగా ఉన్నప్పుడు కోస్తే అందులోని నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుడు, వాంతులు, నీరసం. తల్లిదండ్రుల వెంట చేనులోకి దిగిన పిల్లలకు ఇది మరీ చేటు. ఏనాడూ బీడీ ముట్టించని మన ఆడవాళ్ళ ఒంట్లోకీ అదే విషం చేరుతున్నదని మూత్ర పరీక్షలు చేసిన శాస్త్రజ్ఞులు చూపారు. దగ్గు, ఆయాసం, నడుమునొప్పి, మెడనొప్పి సంగతి చెప్పడానికి శాస్త్రజ్ఞులు అవసరం లేదు. ఏ అరుగు మీద అడిగినా చెబుతారు. చంటిపిల్ల పక్కనే పడుకుని ఆ దుమ్మే పీలుస్తుంది.

ఈ జబ్బులకు మందు ఇవ్వడానికే 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్సు వసూలుచేసి దవాఖానాలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఇండ్లకు సాయం. 2017లో జిఎస్‌టి రావడంతో సెస్సు ఎత్తివేశారు. బీడీ మీద 28 శాతం పన్ను వేశారు. పన్ను పెరిగింది, కార్మికురాలి పేరిట విడిగా ఉన్న పెట్టె పోయింది!

పొగాకు మానేయమని చెప్పడం సులువు. మానేసి ఏం చేయాలి? బోధన్‌లో 1938లో మొదలైన నిజాం షుగర్స్ ఒకనాడు ఈ ప్రాంతపు చెరకు రైతుకూ, కోత కూలీకీ ఆధారం. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి ఇచ్చారు, 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. మలావీలోనూ ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ షరతులతో ఎరువుల సబ్సిడీలు కోసేశారు. 2001-02లో తిండిగింజలు లేక జనం చచ్చిపోయారు. 2005 నుంచి తిరిగి ఎరువుకు సబ్సిడీ ఇచ్చాక మక్క పంట పెరిగింది.

కెన్యా మిగోరి ప్రాంతంలో ఇంకొక దారి తొక్కారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు పొగాకు రైతులకు ఇనుము ఎక్కువుండే చిక్కుడు గింజల విత్తనం ఇచ్చాయి. పండిన పంటను ప్రపంచ ఆహార కార్యక్రమం కొన్నది. కొనేవాడు ఉన్నాడు గనుక రైతు పొగాకు వదిలాడు. పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒడంబడికలో రైతులకూ, కార్మికులకూ వేరే బతుకుతెరువు చూపాలని స్పష్టంగా రాసి ఉంది. భారతదేశం 2004లోనే దాన్ని ఆమోదించింది. మలావీ 2023లో చేరింది. మన సర్కారు డబ్బా మీద హెచ్చరిక బొమ్మ పెద్దది చేయించడంలో చూపిన పట్టుదల ఈ షరతు విషయంలో చూపలేదు.

తెలంగాణలో 2015 నుంచి బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి వచ్చింది, 2019లో 2,016 అయింది. సంతోషమే. కాని 2014 నాటికి పిఎఫ్ ఖాతా ఉన్నవారికే అన్నారు. అత్తకు వచ్చింది. ఆ తరువాత అదే అరుగు మీద చాట పట్టిన కోడలు లెక్కలోకి రాలేదు. ఆమెకు పిఎఫ్ కోత ఉంది, దగ్గూ ఉంది.