మాట పడ్డప్పుడు సిరాజ్ చేసిన పని

మైదానంలో రంగును బట్టి, పుట్టుకను బట్టి ఎవరైనా దూషిస్తే ఆటగాడు ఏం చేయాలి? తిరిగి తిట్టాలా, నోరు మూసుకుని భరించాలా? ఈ రెండూ కాని దారిని మన హైదరాబాద్ బిడ్డ మొహమ్మద్ సిరాజ్ చూపించాడు.

2021 జనవరిలో జరిగిన సిడ్నీ టెస్టు సిరాజ్‌కు రెండో టెస్టు మాత్రమే. ఆటో నడిపి పెంచిన తండ్రి అంతకుముందు నవంబరులోనే కన్నుమూశారు. సిరాజ్ ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తున్న అతణ్ని ప్రేక్షకుల్లో కొందరు జాతి పేరుతో దూషించారు. అతను వారితో తగువుకు పోలేదు. కెప్టెన్ రహానేకు, అంపైర్లకు చెప్పాడు. ఆట కొన్ని నిమిషాలు ఆగింది. ఆరుగురిని బయటికి పంపారు. మన జట్టు మైదానం వదలకుండా ఆట కొనసాగించింది. జాతి దూషణ జరిగింది నిజమేనని తర్వాత క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ తేల్చింది. అన్నవారెవరో మాత్రం తేలలేదు. తర్వాతి బ్రిస్బేన్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో సిరాజ్ 5 వికెట్లు తీశాడు. సిరీస్ 2-1తో మనదైంది.

నల్లజాతివారైన హజ్రత్ బిలాల్ (రజి) గారికి అజాన్ బాధ్యత అప్పగించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనం. ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో మన పిల్లలూ కోయ పిల్లలూ కలిసి ఆడుకుంటారు. అందుకే పెద్దలకు మా మనవి: మాట పడ్డ పిల్లవాడు వచ్చి చెబితే “ఆటలో ఇవన్నీ మామూలే” అనకండి. ఆట ఆపి వినండి. ఆ మాట అన్నది మన పిల్లవాడే అయితే, ముందుగా మనమే మందలిద్దాం.