తొక్కు జాడీలో నూనె పైకి ఎందుకు తేలాలి?

వరంగల్ ప్రాంతపు ఇళ్లలో ఎండాకాలంలో మామిడికాయ తొక్కు పెట్టి, జాడీలో ముక్కలు మునిగేదాకా నూనె పోసి, పైన గుడ్డతో వాసెన కట్టడం ఆనవాయితీ కాగా, ఆ నూనె రుచినివ్వడంతోపాటు బూజును అడ్డుకునే మూతగానూ పనిచేస్తుంది. బూజు అంటే గాలిలో తేలే సిద్ధబీజాలనే అతిసూక్ష్మ కణాల నుంచి మొలిచే శిలీంధ్రం. అది పెరగాలంటే తేమతోపాటు ప్రాణవాయువు కూడా కావాలి. లీటరు నూనె సుమారు 920 గ్రాములే తూగుతుంది కనుక, అది అంతకంటే బరువైన ఊటపైకి తేలి ముక్కలకు గాలి తగలనివ్వదు. ఇక్కడి చపాటా మిరప ఘాటు తక్కువైనా, దాని ఎర్రదనం నూనెలో కరిగి ఈ మూతకు చక్కని రంగునిస్తుంది.

నెదర్లాండ్స్‌లో గౌడా, ఎడామ్ చీజ్ గడ్డలకు మైనం పూసేదీ ఇందుకే. అయితే గడ్డ తడిగా ఉన్నా, పూత పగిలినా, లోపల గాలి బుడగ చిక్కినా బూజు మొలుస్తుంది.

నూనె గానీ మైనం గానీ సూక్ష్మజీవులను చంపవు. గాలి లేనిచోటే పెరిగి విషం పుట్టించే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బ్యాక్టీరియాను తొక్కులో నిలువరించేవి ఉప్పు, మామిడి పులుపు మాత్రమే. పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత అయిన పీహెచ్ 4.6 కంటే తగ్గితే ఆ బ్యాక్టీరియా పెరగలేదు. అందుకే ఉప్పు తగ్గించి, నూనె పెంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు.

గట్టి చీజ్‌పై బూజు కనిపిస్తే దాని చుట్టూ, కిందా 2.5 సెంటీమీటర్ల మేర కోసి తీసేయవచ్చు. మెత్తని తొక్కులో బూజు దారాలు కనబడకుండా లోపలికి పాకుతాయి కనుక దానిని పారవేయాలి. జాడీలో తడి గరిటె ఎన్నడూ ముంచకండి.